విశ్వవిద్యాలయ కళాకేంద్రం బయటి కళాకారులకు ఏ మేరకు ఉపయోగపడుతుంది: మూడేళ్ల వాడకం తరువాత ఒక సమీక్ష

రాయి మీద బొమ్మ గీసి కాగితం మీదికి అచ్చు తీసే లితోగ్రఫీకి వాడే సున్నపురాయి కాస్త పెద్దదైతే ఇద్దరు పట్టుకుంటే గాని బల్ల మీదికి ఎక్కదు. దానిని నున్నగా అరగదీయడానికి నీటి తొట్టి ఉండాలి, ఆమ్లపు ఆవిరి బయటికి పోయే ఏర్పాటు ఉండాలి, అచ్చు తీయడానికి గదిలో సగాన్ని ఆక్రమించే ప్రెస్ ఉండాలి, వీటన్నిటికీ మించి రాయి స్వభావం తెలిసిన మనిషి పక్కన ఉండాలి. ఇంత సరంజామాను నలుగురు కలిసి నడుపుకునే చిన్న ముద్రణశాల సొంతంగా సమకూర్చుకోవడం దాదాపు అసాధ్యం. అందువల్ల మేము నలుగురం గత మూడేళ్లుగా ఒక విశ్వవిద్యాలయపు కళాకేంద్రాన్ని ఆశ్రయించి పని చేశాము. బయటి కళాకారులకు ఇచ్చే వర్క్‌షాప్ పాసు, మాలో ఒకరికి లభించిన ఆరు నెలల రెసిడెన్సీ (జీతం, చోటు ఇచ్చి కళాకారుడిని కొంతకాలం సంస్థలో ఉంచుకునే ఏర్పాటు), అక్కడి గ్యాలరీలో ఒక ప్రదర్శన, ఒప్పంద పత్రాల విషయంలో అదే విశ్వవిద్యాలయపు న్యాయశాఖ వారి సలహా, మా దగ్గరికి పని నేర్చుకోవడానికి వచ్చిన విద్యార్థులు, ముద్రణల భాండాగారం, ఇవన్నీ ఈ మూడేళ్లలో మేము స్వయంగా వాడుకున్న సేవలే. ఆ సంస్థ పేరు ఇక్కడ చెప్పడం లేదు. మేము చూసిన మంచిచెడులు అలాంటి కేంద్రాలన్నిటికీ ఎంతో కొంత వర్తిస్తాయని, కళాకారులు ఏ విశ్వవిద్యాలయపు తలుపు తట్టబోయినా ఇవే ప్రశ్నలు వేసుకోవలసి వస్తుందని నా నమ్మకం.

ముందుగా వర్క్‌షాప్ గురించి చెప్పాలి, ఎందుకంటే మేము వెళ్లింది దానికోసమే. పాసు ఉన్నవారికి వారంలో రెండు సాయంత్రాలు, ఒక పూర్తి రోజు కేటాయించారు. పనిముట్లు బాగున్నాయి, రోలర్లు శుభ్రంగా ఉన్నాయి, రాళ్లకు వరుస సంఖ్యలు వేసి ఏది ఎవరి దగ్గర ఉన్నదో పుస్తకంలో రాసిపెట్టారు. అయితే మొదటి నెలలోనే మాకు అర్థమైన సంగతి ఏమిటంటే, ఆ గదిలో అన్నిటికంటే విలువైనది ప్రెస్ కాదు, దానిని చూసుకునే టెక్నీషియన్. లితోగ్రఫీలో జిడ్డు క్రేయాన్‌తో రాయి మీద బొమ్మ గీసి, తుమ్మబంకలో కొన్ని చుక్కల నత్రికామ్లం కలిపి పూస్తే, గీసిన చోట జిడ్డు నిలుస్తుంది, ఖాళీ చోట నీరు నిలుస్తుంది. నీరున్న చోట ఇంకు అంటదు కాబట్టి బొమ్మ ఒక్కటే కాగితం మీదికి వస్తుంది. చెప్పడానికి ఇంతే. మా మొదటి రాయి పదో అచ్చు దాటేసరికి ఖాళీ చోట్ల కూడా ఇంకు పట్టడం మొదలైంది, సన్నని గీతలు ఒకదానిలో ఒకటి కలిసిపోయాయి. మేము ఆమ్లం చాలలేదనుకుని మళ్లీ పూయబోతుంటే ఆయన ఆపి, రోలర్‌ను చెవి దగ్గర పెట్టి దొర్లించమన్నారు. ఇంకు పలచబడితే రోలర్ చేసే చప్పుడు మారుతుందని, మా తప్పు రాయిలో లేదు, ఇంకులోను, సరిగా తడపని స్పంజిలోను ఉన్నదని ఆ చప్పుడును బట్టే చెప్పారు. ఆ రాయి బతికింది. పుస్తకంలో చదివి ఉంటే ఈ విషయం తెలుసుకోవడానికి మాకు ఇంకెన్ని రాళ్లు పాడయ్యేవో.

ఇటువంటి విద్య విశ్వవిద్యాలయంలో నిలబడితే ఏమవుతుందో చూపే చరిత్ర ఒకటి ముద్రణకళలో పనిచేసేవారందరికీ తెలుసు. 1960లో జూన్ వేన్ అనే చిత్రకారిణి ఫోర్డ్ ఫౌండేషన్ సహాయంతో లాస్ ఏంజిలిస్‌లో టామరిండ్ లితోగ్రఫీ వర్క్‌షాప్ ప్రారంభించింది. అప్పటికి అమెరికాలో కళాకారుడితో కలిసి రాయి మీద అచ్చు తీయగల నిపుణులు అరుదైపోయారు, ఆ విద్య నేర్చుకోవాలంటే యూరప్‌కు వెళ్లవలసి వచ్చేది. ఆమె గొప్ప చిత్రకారులను పిలిచి ఊరుకోలేదు. అచ్చు తీసేవారిని తయారు చేయడమే ముఖ్యమని తలచింది. పదేళ్ల తరువాత, 1970లో, ఆ సంస్థ న్యూ మెక్సికో విశ్వవిద్యాలయంలో భాగమై టామరిండ్ ఇన్‌స్టిట్యూట్ అయింది, నేటికీ అక్కడే నడుస్తున్నది. అక్కడ శిక్షణ పొందిన ముద్రకులు బయటికి వచ్చి సొంత ముద్రణశాలలు పెట్టారు. లాస్ ఏంజిలిస్‌లో జెమినీ అనే ముద్రణ సంస్థను నిలబెట్టిన కెన్ టైలర్ ఆ పరంపరలోని వాడే. టామరిండ్ వారు తీసిన అచ్చు మీద కళాకారుడి సంతకంతో పాటు ముద్రణశాల గుర్తు, అచ్చు తీసిన ముద్రకుడి గుర్తు కూడా కాగితంలో నొక్కి ఉంటాయి. అంటే పని చేసిన చేయికి కూడా ఆ కాగితం మీద చోటు ఉన్నది. ఒక విశ్వవిద్యాలయం స్థానిక కళా పరిశ్రమకు చేయగల మేలులో ఇంతకు మించినది నాకు తోచదు. అంతరించిపోతున్న చేతిపనికి అది ఆశ్రయమిచ్చింది, ఆ పని తెలిసినవారిని ఏటా కొద్దిమందినైనా బయటికి పంపింది, వారు ఎక్కడికి వెళితే అక్కడ ఒక ప్రెస్ తిరగడం మొదలైంది.

మేము వాడుకున్న కేంద్రం విషయంలో నా తీవ్రమైన అభ్యంతరం కూడా ఇక్కడే ఉన్నది. మాకు పని నేర్పిన ఆ టెక్నీషియన్‌ది ఏటేటా పొడిగించే ఉద్యోగం. రెండో ఏడాది చివర ఆయన ఒప్పందం పొడిగించలేదు. ఆ స్థానంలో మరొకరిని నియమించడానికి ఐదు నెలలు పట్టింది. ఆ ఐదు నెలలూ లితోగ్రఫీ గదికి తాళం వేశారు, ఎందుకంటే భద్రతా నియమాల ప్రకారం బాధ్యుడు లేకుండా ఆమ్లాలున్న గదిని తెరవకూడదు. నియమం సరైనదే. కాని అదే సమయంలో కళాకేంద్రం ముందు భాగానికి కొత్త అద్దాల ప్రవేశద్వారం కట్టారు. కట్టడానికి డబ్బు దొరికి, మనిషికి దొరకకపోవడం మమ్మల్ని బాధించింది. భవనానికి దాత పేరు పెట్టవచ్చు, టెక్నీషియన్ జీతానికి పేరు పెట్టలేము. విశ్వవిద్యాలయాలకు వచ్చే విరాళాల తీరే అంత అని అక్కడి ఆచార్యులొకరు మాతో విచారంగా అన్నారు. అది కారణమే కావచ్చు, సమాధానం మాత్రం కాదు.

మరొక ఇబ్బంది కాలానికి సంబంధించినది. విద్యార్థులు తమ చివరి పనులు సమర్పించే వారాల్లో బయటివారికి ప్రవేశం ఉండదు. విశ్వవిద్యాలయం మొదట విద్యార్థులది, ఆ ప్రాధాన్యాన్ని మేము ఏనాడూ తప్పుపట్టలేదు. కాని ఆ వారాలు ఎప్పుడు వస్తాయో ముందుగా చెప్పవలసిన బాధ్యత ఉన్నది. మొదటి ఏడాది మేము రాగిరేకు మీద ఆమ్లంతో గీతలు తొలిచి చేసిన ఎచింగ్‌ను ఒకేలా ఉండే ముప్పై ప్రతుల పరిమిత ఎడిషన్‌గా తీస్తున్నాము. పదకొండు తీశాక మరునాడు వెళితే పాసు పనిచేయలేదు. మిగిలిన వాటికి తడిపి, ప్లాస్టిక్‌లో చుట్టి పెట్టిన కాగితం లోపలే ఉండిపోయింది. మూడు వారాల తరువాత తెరిచి చూస్తే దాని మీద బూజు మచ్చలు. కాగితం నష్టాన్ని మించి, ఒకే చేయితో, ఒకే ఇంకు కలయికతో సాగవలసిన ఎడిషన్ మధ్యలో తెగిపోవడం మమ్మల్ని కుంగదీసింది. ఫిర్యాదు చేసిన తరువాత ఏడాది పొడవునా మూసి ఉండే తేదీల పట్టికను ముందే ఇవ్వడం మొదలుపెట్టారు. మొదటి రోజునే అది ఇచ్చి ఉంటే సరిపోయేది. ఏ కేంద్రంలో చేరేవారైనా పాసు రుసుము ఎంత అని అడగడానికి ముందు ఆ పట్టికను అడగడం మంచిది.

రెసిడెన్సీ విషయానికి వస్తే, విశ్వవిద్యాలయాలు కళాకారులకు ఇచ్చే సేవల్లో దీనికే పేరు ఎక్కువ, అపార్థాలు కూడా దీని చుట్టూనే ఎక్కువ. ఈ సంప్రదాయానికి మొదటి మెట్లలో ఒకటి 1936లో విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో పడింది. చిత్రకారుడు జాన్ స్టూవర్ట్ కరీని నియమించింది అక్కడి చిత్రకళా శాఖ కాదు, వ్యవసాయ కళాశాల. పాఠాలు చెప్పవలసిన నిర్బంధం పెట్టకుండా ఆయనకు ఒక స్టూడియో ఇచ్చారు. ఆయన తన చిత్రాలు తాను వేసుకుంటూనే పల్లెల్లో తీరిక వేళల్లో బొమ్మలు వేసే రైతు కుటుంబాల వారిని కలుసుకుని, వారి పనిని చూసి, వారి ప్రదర్శనలకు అండగా నిలిచాడు. వ్యవసాయ కళాశాల విత్తనాల గురించి, పశువుల గురించి పల్లెలకు సలహా పంపిన దారిలోనే చిత్రకళ కూడా వెళ్లిందన్నమాట. ఈ సంగతి తెలిసినప్పటి నుంచి, కళను ప్రజల దగ్గరికి చేర్చాలంటే కొత్త వేదికలే కట్టనవసరం లేదని, విశ్వవిద్యాలయానికి జనంతో అప్పటికే ఉన్న సంబంధాల వెంట కళను నడిపించవచ్చునని నాకు గట్టిగా అనిపిస్తున్నది.

న్యూజిలాండ్‌లోని ఒటాగో విశ్వవిద్యాలయం 1958లో రచయితల కోసం రాబర్ట్ బర్న్స్ ఫెలోషిప్‌ను, 1962లో చిత్రకారుల కోసం ఫ్రాన్సెస్ హాడ్జ్‌కిన్స్ ఫెలోషిప్‌ను నెలకొల్పింది. ఏడాది పాటు బతకడానికి జీతం, పని చేసుకోవడానికి చోటు, ఆ ఏడాది తన పని తాను చేసుకునే స్వేచ్ఛ, ఇవే ఆ ఏర్పాటుకు ప్రాణం. 1965లో నవలా రచయిత్రి జానెట్ ఫ్రేమ్ బర్న్స్ ఫెలోగా ఉన్నది. 1969లో హాడ్జ్‌కిన్స్ ఫెలోగా వచ్చిన మావోరీ చిత్రకారుడు రాల్ఫ్ హోటెరే ఫెలోషిప్ ముగిశాక తిరిగి వెళ్లలేదు. దగ్గరలోని పోర్ట్ చామర్స్ రేవులో స్థిరపడి, 2013లో మరణించేవరకు ఆ ప్రాంతపు కళాజీవితానికి కేంద్రంగా నిలిచాడు. ఒక ఏడాది జీతానికి ఒక ప్రాంతం పొందిన ప్రతిఫలం అది. ఏడాది చివర రాసే నివేదికలో దానికి గడి ఉండదు, నలభై ఏళ్ల తరువాత గాని దాని విలువ కంటికి కనబడదు.

మా సహచరికి లభించిన ఆరు నెలల రెసిడెన్సీలో జీతం సకాలంలో వచ్చింది, గది విశాలంగా ఉన్నది, పక్క గదిలోని వృక్షశాస్త్ర విభాగం వారు తమ ఎండుమొక్కల సేకరణను ఆమెకు తెరిచి చూపారు. ఆమె ఆరు పలకల ముద్రణ వరుస ఆ మొక్కల వల్లనే పుట్టింది. ఒక కళాకారిణి తనంతట తాను వెళ్లి అడిగితే ఏ శాస్త్రవేత్తా నూరేళ్లనాటి ఆకులను బల్ల మీద పరచి కూర్చోడు. విశ్వవిద్యాలయం లోపలి మనిషిగా అడిగింది కాబట్టి పరిచారు. ఈ ఒక్క లాభానికే రెసిడెన్సీకి నేను మంచి మార్కులు వేస్తాను. అయితే ఒప్పందంలో ఒక ఉపన్యాసం, రెండు తరగతులు అని రాసి ఉన్నా, క్రమంగా అవి తొమ్మిది తరగతులు, రెండు సదస్సులు, అతిథులు వచ్చినప్పుడల్లా స్టూడియో చూపించడం దాకా పెరిగాయి. కాదనడానికి ఆమెకు మొహమాటం. చివరి నెలలో ప్రగతి నివేదిక కోసం ఎంతమంది హాజరయ్యారు, ఎన్ని వార్తలు వచ్చాయి అన్న లెక్కలు అడిగారు. ఆ ఆరు పలకల గురించి అడిగిన గడి ఆ పత్రంలో లేదు. పెద్ద సంస్థల్లో ఇది ఎవరో ఒకరి దుర్బుద్ధి వల్ల జరిగేది కాదని తెలుసు. లెక్క పెట్టగలిగిన దానినే లెక్కలోకి తీసుకునే అలవాటు వల్ల జరుగుతుంది. అందుకే రెసిడెన్సీకి వెళ్లేవారు మొదటి వారంలోనే, ఎంత సమయం తమ పనికి, ఎంత సమయం సంస్థకు అన్నది కాగితం మీద పెట్టుకోవాలని మనవి.

హక్కుల విషయం ఇంకా జాగ్రత్తగా చూడాలి. మొదట మాకిచ్చిన ముసాయిదాలో, కేంద్రపు పరికరాలతో తయారైన పనుల మీద మేధో హక్కులు విశ్వవిద్యాలయానికి చెందుతాయని ఒక నిబంధన ఉన్నది. అది ప్రయోగశాలల కోసం రాసిన వాక్యం, ఎవరూ మార్చకుండా కళాకారుల పత్రంలోకి వచ్చి చేరింది. దానిని గుర్తించి మార్పించడంలో మాకు సహాయపడింది అదే విశ్వవిద్యాలయంలోని న్యాయశాఖ ఉచిత సలహా కేంద్రం. విద్యార్థులు తమ ఆచార్యుల పర్యవేక్షణలో కళాకారుల, చిన్న సంస్థల ఒప్పందాలను చదివి పెడతారు. ఒక శాఖ రాసిన పత్రాన్ని మరొక శాఖ వారు మా తరఫున చదివి, ఫలానా మాట తీసివేయమని నిక్కచ్చిగా రాసి ఇచ్చారు. ఇది నేను అన్ని సేవల్లోకి అత్యంత నిజాయితీగల సేవగా భావిస్తున్నాను. దీని గురించి కేంద్రపు ప్రచార పత్రంలో ఒక్క ముక్క లేదు, తోటి కళాకారులు చెబితే తెలిసింది.

విశ్వవిద్యాలయం హక్కులు ఉంచుకోవడం ప్రతిసారీ అన్యాయమని కూడా అనను. 1967లో అమెరికా విశ్వవిద్యాలయమైన స్టాన్‌ఫర్డ్‌లో జాన్ చౌనింగ్ అనే స్వరకర్త, ఒక ధ్వని తరంగపు పౌనఃపున్యాన్ని మరొక తరంగంతో వేగంగా మారుస్తుంటే, కేవలం రెండు తరంగాలతోనే గంటల, కొమ్ముబూరల నాదాన్ని పోలిన సంక్లిష్టమైన స్వరాలు పుడతాయని కనుగొన్నాడు. దానిని విశ్వవిద్యాలయం పేటెంటు చేసింది, 1977లో ఆ పేటెంటు మంజూరైంది. జపాన్‌కు చెందిన యమహా సంస్థ దానిని అనుమతి మీద వాడుకుని 1983లో విద్యుత్తుతో స్వరాలు పుట్టించే డీఎక్స్ 7 సింథసైజర్‌ను విడుదల చేసింది. ఆ దశాబ్దపు సినిమా సంగీతం, పాప్ సంగీతం విన్నవారెవరైనా ఆ వాద్యపు స్వరాన్ని విని ఉంటారు. ఆ రాయల్టీల వల్ల అక్కడి సంగీత పరిశోధన కేంద్రానికి బలం చేకూరింది. ఈ కథలో ఆలోచింపజేసే భాగం మరొకటి ఉన్నది. ఆవిష్కరణ విలువ బయటపడక ముందే స్టాన్‌ఫర్డ్ ఆయన ఉద్యోగాన్ని కొనసాగించకుండా వదులుకున్నది, తరువాత మళ్లీ పిలుచుకున్నది. సంగీతమో యంత్రశాస్త్రమో తేలని పనికి విశ్వవిద్యాలయంలో ఏ శాఖ గొడుగు పట్టాలన్న చిక్కు అప్పుడూ ఉన్నది, ఇప్పుడూ ఉన్నది.

గ్యాలరీ గురించి ఎక్కువ చెప్పనవసరం లేదు. గోడలు బాగున్నాయి, వెలుతురు బాగున్నది, క్యూరేటర్ శ్రద్ధగా పనిచేశారు. చూడవచ్చినవారిలో ఎక్కువమంది విశ్వవిద్యాలయపు వారే. అమ్మకాలకు అనుమతి లేదు. ఇంక్యుబేటర్ అనే పేరుతో కళా వ్యాపారాలకు ఇచ్చే శిక్షణకు రెండుసార్లు వెళ్లాము. పెట్టుబడిదారుల ముందు పది నిమిషాల్లో మాట్లాడడం ఎలాగో నేర్పారు. ముప్పై ప్రతులకు మించి తీయకూడని వస్తువును అమ్ముకునేవారికి అది పనికిరాలేదు, మూడోసారి వెళ్లలేదు.

నాటకరంగంలో పనిచేసే మిత్రులకు మా కంటే మంచి అనుభవం ఉన్నట్టు విన్నాను, దానికి కారణం కూడా ఊహించగలను. నాటకం పదిమంది కలిస్తే గాని నిలబడదు. విశ్వవిద్యాలయంలో ఆ పదిమంది ఉంటారు. యేల్ విశ్వవిద్యాలయం 1966లో తన నాటక విద్యాలయానికి జతగా వృత్తి నాటక సంస్థను స్థాపించి, విద్యార్థులను వృత్తి కళాకారుల పక్కన పనిచేయించింది. 1984 నుంచి అమెరికన్ నాటక రచయిత ఆగస్ట్ విల్సన్ నాటకాలు ఒకదాని తరువాత ఒకటి అక్కడే మొదట ప్రదర్శితమై, అక్కడ సాన పట్టుకుని, ఆపైన పెద్ద రంగస్థలాలకు వెళ్లాయి. తొలి ప్రదర్శనలో తడబడే హక్కు నాటకానికి అక్కడ దొరికింది. టికెట్ల అమ్మకం మీదే ఆధారపడే సంస్థ ఆ హక్కును సులభంగా ఇవ్వజాలదు.

ఇక స్థానిక కళా పరిశ్రమలకు విశ్వవిద్యాలయం ఏ మేరకు అండగా ఉన్నదన్నది విడిగా తూచవలసిన విషయం. కళాకారుడికి ఫెలోషిప్ ఇవ్వడం ఒకటి, చుట్టుపక్కల బతుకుతున్న ముద్రకులకు, పుస్తకాలు కుట్టేవారికి, ఫ్రేములు కట్టేవారికి, ధ్వని, వెలుతురు ఏర్పాట్లు చేసేవారికి క్రమం తప్పకుండా పని ఇవ్వడం మరొకటి. రెండోది కంటికి ఆనదు, కాని పరిశ్రమ నిలిచేది దాని మీదే. మా కేంద్రం ఇక్కడ బాగా వెనుకబడింది. విశ్వవిద్యాలయం ప్రతి ఏడాది జ్ఞాపికలు, పోస్టర్లు, ఆహ్వానాలు, సంచికలు వేల సంఖ్యలో అచ్చు వేయిస్తుంది. ఆ టెండర్లలో పాల్గొనాలంటే పెద్ద టర్నోవర్ చూపాలి, కాబట్టి చిన్న ముద్రణశాలలు దరఖాస్తు కూడా చేయలేవు. మాకు లోపల ప్రెస్ వాడుకోనిచ్చిన సంస్థే, తన సొంత పని మాత్రం దూరాన ఉన్న పెద్ద కంపెనీకి ఇస్తున్నది. స్నాతకోత్సవపు జ్ఞాపికలు ఒక్కటైనా స్థానిక ముద్రణశాలలకు కేటాయించమని రెండుసార్లు రాశాము. రెండోసారి జవాబు వచ్చింది, పరిశీలిస్తామన్నారు.

ఈ విషయంలో నాకు ఆదర్శంగా కనిపించేవి కొన్ని పాత ప్రయత్నాలే. శాంతినికేతన్‌లో 1919లో కళాభవన్ మొదలైతే, దాని పక్కనే 1922లో గ్రామ పునర్నిర్మాణం కోసం శ్రీనికేతన్‌ను నెలకొల్పారు. నేత, కుండల పని, తోలు పని అక్కడ పాఠాలయ్యాయి. చిత్రకళ నేర్చినవారి చేతిలోని అలంకారం, మైనం పూసి రంగు అద్దే బాతిక్ పద్ధతి తోలు మీదికి చేరి, చుట్టుపక్కల ఊళ్లలో ఇళ్లకు ఇళ్లు చేసే వృత్తిగా మారాయి. శాంతినికేతన్ తోలు వస్తువులకు నేడు భౌగోళిక గుర్తింపు (ఆ ప్రాంతపు ప్రత్యేక వస్తువుగా చట్టం ఇచ్చే రక్షణ) కూడా ఉన్నది. ఒక విద్యాసంస్థలో పుట్టిన అలంకరణ ఆ సంస్థ పేరుతోనే ఒక ప్రాంతపు పరిశ్రమ అయింది. తూర్పు ఆఫ్రికాలో ఉగాండాలోని మకెరేరేలో 1937లో మార్గరెట్ ట్రోవెల్ తన ఇంట్లో చిత్రకళ తరగతులు మొదలుపెడితే, అవే క్రమంగా కళాశాలగా ఎదిగి, ఆ ప్రాంతమంతటికీ చిత్రకారులను, చిత్రకళా ఉపాధ్యాయులను ఇచ్చాయి. చిలీ విశ్వవిద్యాలయపు నీడలో ఒక సింఫనీ ఆర్కెస్ట్రా, ఒక ప్రయోగాత్మక నాటక బృందం 1941లో ప్రారంభమై, వాయిద్యకారులకు, నటులకు నెలనెలా జీతం దొరికే జీవితం ఉండవచ్చునని చూపాయి. మెక్సికో జాతీయ విశ్వవిద్యాలయం 1937 నుంచి సొంత రేడియో నడుపుతున్నది, 1976లో సొంత సంగీత మందిరం కట్టింది. వీటిలో విశ్వవిద్యాలయం కళకు పనినిచ్చే యజమాని. కళాకారుడిని అతిథిగా పిలిచి శాలువా కప్పి పంపడానికీ, నెల జీతం ఇచ్చి ఉంచుకోవడానికీ ఉన్న దూరం ఆ కళాకారుడి ఇంట్లో వారికి బాగా తెలుస్తుంది.

మా దగ్గరికి వచ్చిన విద్యార్థుల గురించి ఒక మాట. మూడేళ్లలో ఐదుగురు వచ్చారు. మొదటి ఇద్దరికి విశ్వవిద్యాలయం ఏమీ ఇవ్వలేదు, అనుభవమే ప్రతిఫలం అన్నది. సొంత ఖర్చుతో రెండు నెలలు గడపగలిగినవారే అలా రాగలరు, మిగిలినవారు దరఖాస్తే పెట్టరు. మేమూ, మరికొన్ని చిన్న సంస్థలూ కలిసి అడిగాక తరువాతి ముగ్గురికి విశ్వవిద్యాలయమే భత్యం ఇచ్చింది. తేడా వెంటనే కనిపించింది. భత్యంతో వచ్చిన ఒక అమ్మాయి పూర్వం సాయంత్రాలు మరో ఉద్యోగం చేసుకుంటూ చదివేది, మా ముద్రణశాలలో అందరికంటే శుభ్రమైన అచ్చు ఇప్పుడు ఆమెదే. చదువు పూర్తయ్యాక మా దగ్గరే ఐదో భాగస్వామిగా చేరింది.

చివరగా, ఎవరూ పెద్దగా వాడుకోని సేవ ముద్రణల భాండాగారం. ఆక్స్‌ఫర్డ్‌లోని ఆష్మోలియన్ మ్యూజియం 1683లో ప్రజలకు తెరిచిన నాటి నుంచి విశ్వవిద్యాలయాలు వస్తువులను దాచడంలో, చూపించడంలో దీర్ఘకాలపు అనుభవం గడించాయి. మేము వాడుకున్న చోట ముందుగా రాస్తే ఎవరికైనా, విద్యార్హతతో పని లేకుండా, బల్ల ముందు కూర్చోబెట్టి పాత ముద్రణలను ఒక్కొక్కటిగా తెచ్చి పెడతారు. ఒకే రాయి మీద తీసిన నాలుగు ప్రూఫులు (పని మధ్యలో సరిచూసుకోవడానికి తీసే అచ్చులు) పక్కపక్కన పెట్టుకుని, కళాకారుడు మొదటి ప్రూఫులో గీసిన నీడను మూడో ప్రూఫులో ఎందుకు గీకి తీసేశాడో చూసుకుంటూ మేము ఒక మధ్యాహ్నమంతా గడిపాము. అద్దం వెనుక వేలాడదీసిన తుది ప్రతి ఆ సంగతి చెప్పదు. అక్కడి ఉద్యోగి ఆ రోజు సందర్శకుల పేర్లు రాసే పుస్తకం చూపించారు. మాకు ముందు చివరి పేరు నాలుగు నెలల కిందటిది. ఊరిలో ఇంత మంది కళాకారులుండగా ఆ బల్ల ఖాళీగా ఉండడంలో తప్పు ఆ ఉద్యోగిది కాదు. బయటివారికి కూడా అది తెరిచే ఉన్నదని ఎవరూ చెప్పకపోవడమే తప్పు.

ఈ కేంద్రాన్ని ఎవరికి సిఫారసు చేస్తాను అంటే, బరువైన పరికరాలు, ప్రమాదకరమైన రసాయనాలు, అరుదైన సేకరణలు అవసరమైన పని చేసేవారికి తప్పకుండా చేస్తాను. వారికి ఇంతకు సాటి వచ్చే ఏర్పాటు బయట దొరకదు. తమ పనిని అమ్ముకునే మార్గం వెతుక్కునేవారికి చేయను, అది ఇక్కడ లేదు. రెసిడెన్సీ కోరేవారు మాత్రం హక్కుల నిబంధనను న్యాయశాఖ వారికి చూపించి, తరగతుల సంఖ్యను ముందే తేల్చుకుని, టెక్నీషియన్ ఉద్యోగం స్థిరమైనదా కాదా అని మొహమాటం లేకుండా అడిగి, ఆ తరువాతే సంతకం చేయాలి. మూడో ప్రశ్నకు కేంద్రం ఇచ్చే జవాబును బట్టి మిగిలిన వాగ్దానాలు ఎంత నిలుస్తాయో చాలావరకు తెలిసిపోతుంది.

మేము నాలుగో ఏడాదికి పాసు పునరుద్ధరించుకున్నాము. కొత్త టెక్నీషియన్ వచ్చారు, ఈసారి మూడేళ్ల ఒప్పందం. వెళ్లిపోయిన ఆయన ఇప్పుడు వారానికి ఒక రోజు మా ముద్రణశాలకు వచ్చి కూర్చుంటారు. ఎడిషన్ పూర్తయిన మా పెద్ద రాయిని గత నెలలో అరగదీసి తిరిగి అప్పగించాము. దాని మీద ప్రస్తుతం మొదటి సంవత్సరం విద్యార్థి ఒకరు బొమ్మ గీస్తున్నారు.